గంటకు ఆగే చెయ్యి

నాకు గొప్పలు చెప్పుకోవడం ఇష్టం. ఈ సంగతి ముందే ఒప్పుకుంటే చదివేవాళ్లకు సగం బాధ తప్పుతుంది. నేను ఈ కథ ఎత్తుకున్నప్పుడల్లా మా ఆవిడ బియ్యం చాట పట్టుకుని వరండాలోకి వెళ్లిపోతుంది. వెళ్తే వెళ్లనివ్వండి. గోదావరిఖనిలో వీడియో గేముల దుకాణాలు నడిచిన రోజుల్లో ఫైటింగ్ గేములో నన్ను ఓడించినవాడు లేడు. తర్వాత ఆట మానేశాను. మానేసి, చెయ్యి పూర్తిగా చెడిపోయాక, పెళ్లయి పొట్ట కూడా వచ్చాక మళ్లీ నేర్చుకున్నాను. కుర్రవయసులో గెలవడానికేముంది, ఆ వయసులో చేతులే గెలుస్తాయి. నేను గొప్ప చెప్పుకునేది రెండోసారి గెలిచిన గెలుపు గురించి.

దుకాణం చౌరస్తా నుంచి సినిమా హాలుకు వెళ్లే సందులో ఉండేది. పైన రేకులు, లోపల చీకటి, వరసగా బీరువాలంత చెక్కపెట్టెలు. ఒక్కో పెట్టెలో ఒక టీవీ, దాని ముందు ఇద్దరు నిలబడేంత చోటు, ఇద్దరికీ చెరొక హ్యాండిలు, పక్కన గుండ్రటి బటన్లు. ఎడమచేత్తో హ్యాండిలు తిప్పితే తెర మీది మనిషి కదులుతాడు, కుడిచేత్తో బటన్లు నొక్కితే గుద్దులు, తన్నులు. టంగుమని గంట మోగగానే కొట్లాట మొదలు. ఎవడి బలం ముందు అయిపోతే వాడు ఓడినట్టు. అట్లా మూడింట్లో రెండు గెలిచినవాడిది ఆట. గెలిచినవాడు అక్కడే నిలబడతాడు, ఓడినవాడు తప్పుకుని ఇంకొకడికి చోటివ్వాలి. కాలేజీ ఎగ్గొట్టి వెళ్లిన రోజుల్లో నేను ఒక్కసారి పెట్టె ముందు నిలబడ్డానంటే, కాళ్లు లాగి నా అంతట నేను వెళ్లాలే గానీ పక్కకు జరిపినవాడు లేడు.

తెర మీద ఎంచుకోవడానికి రకరకాల మనుషులు ఉండేవాళ్లు. అందరూ కండలవాణ్నో, మంటలు ఊదేవాణ్నో పట్టుకునేవాళ్లు. నేను నెరిసిన గడ్డం ముసలాయన్ని ఎంచుకునేవాణ్ని. మేం ఆయన్ని తాత అనేవాళ్లం. ఆయనతో నా పద్ధతి ఒక్కటే. గంట మోగీ మోగకముందే మీద పడటం. అవతలివాడు తేరుకునేలోపు తాత నాలుగు గుద్దేవాడు. తాతకు ఇంకో దెబ్బ కూడా ఉండేది. హ్యాండిలును మనవైపు లాగిపట్టుకుంటే ఆయన గొంతుక్కూర్చుంటాడు. కాసేపు అట్లాగే బిగపట్టి ఉంచి, ఒక్కసారిగా ముందుకు తోసి బటన్ నొక్కితే, నేల మీంచి లేచి గాల్లో ఉన్నవాణ్ని తలతో కుమ్మేస్తాడు. అట్లా కూర్చుని కాచుకోవడం పిరికివాళ్ల పని అని మా అందరి అభిప్రాయం. నేను దాని జోలికి పోయిందే లేదు.

నా చేతిలో రోజూ ఓడిపోయే మిత్రుడు ఒకడుండేవాడు. నా ఈడువాడే. ఇంట్లో ఉర్దూ మాట్లాడే కుటుంబం, వాళ్ల నాన్నకు మోటారు సైకిళ్లు బాగుచేసే షెడ్డు ఉండేది. తెర మీద వాడు ఎప్పుడూ పొడుగుకాళ్ల మనిషినే ఎంచుకునేవాడు. ఆ మనిషి కొండముచ్చులా కీమని అరుస్తూ ఎగిరి తన్నేవాడు కాబట్టి మేం కొండెంగ అని పేరు పెట్టాం. మావాడు పొద్దస్తమానం ఎగరడం, తాత కింద పడటం, మర్నాడు మళ్లీ రావడం. నన్ను ఉస్తాద్ అని మొదట పిలిచింది వాడే. తర్వాత ఆ సందులో అందరూ అదే పిలుపు పట్టుకున్నారు. నేను ఎవరి కొడుకునో, ఏ కాలనీ నుంచి వచ్చానో అక్కడ ఎవరూ అడిగేవాళ్లు కాదు.

డిగ్రీ చదువుతుండగా మా బాపు అన్‌ఫిట్ అయ్యాడు. మావైపు బొగ్గుగనిని బాయి అంటారు. బాయి దుమ్ము ఆయన ఊపిరితిత్తుల్లో చేరింది. ఇక కిందికి దిగొద్దని కంపెనీ డాక్టర్లు రాసిచ్చారు, ఆయన బదులు నాకు ఉద్యోగం ఇచ్చారు. చుట్టాలందరూ నా అదృష్టం చూసి కుళ్లుకున్నారు. నేనూ సంతోషించాను, అబద్ధం ఎందుకు. కానీ మొదటిరోజు హాజరు వేసే మస్టరు దగ్గర నిలబడితే అందరూ నన్ను చూసి బాపు పేరు చెప్పి, ఆయన కొడుకువా అన్నారు. తర్వాత కూడా అదే వరస. ఉద్యోగం బాపుది, ఉంటున్న క్వార్టరు బాపుకిచ్చింది, బాయిలో నాకున్న మర్యాద బాపు సంపాదించింది. నాదంటూ ఉన్నది ఆ సందులో పిలుపు ఒక్కటే. అదీ నిలవలేదు. షిఫ్టుల మనిషికి ఆటకు వేళ కుదరదు. ఈలోపు ఇంటర్నెట్ సెంటర్లు వచ్చి ఆ దుకాణమే మూతపడింది. నాకు పెళ్లయింది. ఎవరైనా ఉస్తాద్ అని పిలిచి ఏళ్లు గడిచిపోయాయి.

కొన్నాళ్లు చేతికందిన పనల్లా చేశాక నన్ను హాలేజి ఇంజను మీద వేశారు. బాయిలోకి దిగే దారి మొదట్లో, పైన ఒక గదిలో పెద్ద ఇంజను ఉంటుంది. దానికి చుట్టుకున్న ఇనుప తాడు వాలులో కిందిదాకా పోతుంది, తాడు కొసన పట్టాల మీద నడిచే బొగ్గు టబ్బులు. కిందివాడు ఎక్కడున్నాడో, టబ్బు పట్టా తప్పిందో, దారిలో మనిషి ఉన్నాడో ఇంజను మీద కూర్చున్నవాడికి ఏమీ కనపడదు. కింది నుంచి వచ్చే గంటే అన్నీ చెప్తుంది. తాడు నడుస్తుండగా ఒక్క గంట వినపడిందంటే ఆపాలి. కుడిచెయ్యి కరెంటు తీసెయ్యాలి, ఎడమచెయ్యి బ్రేకు లివరును ఛాతీవైపు లాగి బిగపట్టాలి. మళ్లీ గంట వచ్చేదాకా రెండు చేతులూ కదలకూడదు. నాకు పని నేర్పిన పాత డ్రైవరు నేను ఆలోచించి ఆపుతున్నానని తిట్టేవాడు.

"గంట చెవుకు గాదు బిడ్డా, చేతికి ఇనవడాలె," అనేవాడు.

నేర్చుకున్నాను. నేనే నమ్మలేనంత బాగా నేర్చుకున్నాను. ఇంట్లో మా ఆవిడ దేవుడి దగ్గర గంట కొడితే నా చేతిలో అన్నం ముద్ద ఆగిపోయేది. సైకిలు మీద ఐసు అమ్మేవాడు గంట కొడుతూ పోతే రోడ్డు మధ్యలో బండికి బ్రేకు వేసేవాణ్ని. వెనకవాళ్లు నా వంశాన్నంతా తలుచుకుని తిట్టేవాళ్లు. మా ఆవిడ నవ్వేది గానీ నాకు అందులో ఒక గర్వం ఉండేది. మా బాపు కింద తాడు దగ్గర గంట కొట్టే పనిలోనే చాలా ఏళ్లు ఉన్నాడు. నేను ఎట్లా చేస్తున్నానని ఆయన ఒక్కసారి కూడా అడగలేదు. నేను కూడా చెప్పుకోలేదు. బాపు ముందు బాయి ముచ్చట చెప్పడమంటే తాతకు దగ్గులు నేర్పడమే.

తర్వాత ప్రత్యేక రాష్ట్రం కోసం అందరూ సమ్మెకు దిగిన రోజులు వచ్చాయి. బడులు, బస్సులు, ఆఫీసులతో పాటు బాయిలు కూడా బంద్. చిమ్నీల పొగ, బొగ్గు మోసే కన్వేయర్ల చప్పుడు లేక ఖని వింతగా ఉండేది. పొద్దున్నే శిబిరానికి వెళ్లడం, డప్పులు, పాటలు, రోడ్డు మీదనే వంటలు, అక్కడే భోజనాలు. మధ్యాహ్నం తర్వాత ఏమీ తోచదు. డ్యూటీకి అలవాటు పడ్డ ఒళ్లు ఖాళీగా ఉంటే పిచ్చెక్కుతుంది. అట్లాంటి ఒక పూట నా బండి మొరాయించింది. తోసుకుంటూ దగ్గరలో ఉన్న షెడ్డుకు తీసుకెళ్తే అక్కడ బండి కింద పడుకుని ఉన్నవాడు నా పాత మిత్రుడే. వాళ్ల నాన్న షెడ్డు ఇప్పుడు వాడిది. చుట్టూ ఉన్నవాళ్లు వాణ్ని ఉస్తాద్ అని పిలుస్తున్నారు.

షెడ్డు వెనకభాగంలో పాత టైర్ల గుట్ట పక్కన మా చెక్కపెట్టె ఉంది. దుకాణం మూసేసేటప్పుడు పాత సామానుకు పోతుంటే వాడు తెచ్చి పెట్టుకున్నాడట. చెడిపోయిన భాగాలకు మోటారు సైకిలు భాగాలు అతికించి నడిపిస్తున్నాడు. పని లేని వేళల్లో వాడే అందరితో ఆడతాడట. ఆ పెట్టెను చూడగానే దగ్గరికి వెళ్లి హ్యాండిలు తడిమాను. మరచిపోయాననుకున్న మేనత్త కొడుకు ఎదురైనట్టు ఉంది. వాడు చేతులు తుడుచుకుంటూ వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

"ఏం భాయ్, చేతులు ఉన్నయా, బాయిల్నే ఇడిసిపెట్టి వచ్చినవా?" అన్నాడు.

భాయ్ అన్నాడు, ఉస్తాద్ అనలేదు. అది నాకు ముల్లులా గుచ్చుకుంది. వెంటనే హ్యాండిలు పట్టుకుని తాతను ఎంచుకున్నాను. వాడు కొండెంగను ఎంచుకున్నాడు. గంట మోగింది. ఆ తర్వాత జరిగింది నాకు అర్థమయ్యేలోపే అయిపోయింది. తాత గొంతుక్కూర్చున్నాడు. కొండెంగ కీమని ఎగిరి వచ్చి తన్నాడు, మళ్లీ తన్నాడు. తాత లేవడు. నా చేతులు కదలవు. మొదటి దెబ్బలకే సగం బలం పోయాక తేరుకుని కొట్లాడటం మొదలుపెట్టాను గానీ అప్పటికే ఆట చెయ్యి దాటింది. రెండోసారీ అంతే. షెడ్డులో ఉన్నవాళ్లు తాత ధ్యానంలో ఉన్నాడన్నారు. నేను హ్యాండిలు బాగాలేదన్నాను. ఆడలేనమ్మ మద్దెల ఓడన్నదట, ఆ సామెత నాకే తగిలింది.

మర్నాడు వెళ్లాను, ఓడాను. ఆ మర్నాడూ అంతే. మిగతా ఆట మెల్లగా తిరిగి వస్తోంది. బటన్ల వరస వేళ్లకు గుర్తుకొస్తోంది, కొండెంగ ఎప్పుడు వంగుతాడో, ఎప్పుడు వెనక్కి జరుగుతాడో మళ్లీ తెలుస్తోంది. ఆట మధ్యలోకి వెళ్లగలిగితే నేనే కొడుతున్నాను. కానీ మొదట్లోనే సగం ప్రాణం పోగొట్టుకునేవాడు ఎంత బాగా ఆడితే ఏం లాభం. ఎందుకిట్లా అవుతోందో నాకు తెలియలేదు. వయసు మీదపడిందనుకున్నాను. నా ఓటమిలో రహస్యం కనిపెట్టింది నన్ను ఓడిస్తున్నవాడే.

"గంట కొట్టంగనే నీ రెండు చేతులు ఆగిపోతున్నయ్ భాయ్," అన్నాడు. "ఎవలో గుంజి పట్టుకున్నట్టే."

అప్పుడు అర్థమైంది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. గంట మోగగానే నా కుడిచెయ్యి బటన్లు వదిలేసి కరెంటు తీసేస్తోంది. ఎడమచెయ్యి హ్యాండిలును ఛాతీవైపు లాగి బ్రేకు వేస్తోంది. తర్వాత నేను నిబంధన ప్రకారం రెండో గంట కోసం కూర్చుంటున్నాను. కొండెంగ తన్నుతుంటే తాత బ్రేకు పట్టుకుని కింది నుంచి సిగ్నలు కోసం ఎదురుచూస్తున్నాడు. ప్రపంచంలో ఇంత క్రమశిక్షణగా తన్నులు తిన్నవాడు ఉండడు.

రోగం తెలిసింది కాబట్టి మందు వేసుకుందామనుకున్నాను. ఇంట్లో ఒక చెక్క పలక మీద మా ఆవిడ బొట్టుబిళ్లలు అంటించింది, అవి బటన్లు. పలకకు బెజ్జం చేసి పప్పుగుత్తి దిగేస్తే అది హ్యాండిలు. ఆవిడ దేవుడి గంట పట్టుకుని నా వెనక నిలబడాలి, నాకు చెప్పకుండా కొట్టాలి, గంట వినపడగానే నేను ఆగకుండా గుద్దాలి. ఇదీ ఏర్పాటు. గంట కొట్టడంలో ఆవిడకు ఇంత ఉత్సాహం ఉంటుందని నాకు తెలియదు. కూర తరుగుతూ కొట్టేది, బట్టలు ఆరేస్తూ వచ్చి కొట్టేది. పెళ్లయినప్పటి నుంచి నా మీద ఉన్న కోపమంతా ఆ గంటలోనే తీర్చుకుంది. అనగా అనగా రాగం, తినగా తినగా వేము అన్నారు. మొదట్లో ఆగిన చెయ్యి తర్వాత తడబడింది. తర్వాత ఒకరోజు గంట మోగగానే ఆగకుండా బొట్టుబిళ్లల మీద టపటపా కొట్టేసింది. నేను లేచి గంతులేశాను. మా ఆవిడ కూడా చప్పట్లు కొట్టింది.

బాపు గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. ఇన్ని రోజులుగా ఇంట్లో గంటలు ఎందుకు మోగుతున్నాయో ఆయన అడగలేదు. చిన్నపిల్లల ఆటలే అనుకుని ఉంటాడు. ఇప్పుడు మా ఆవిణ్ని అడిగి సంగతంతా తెలుసుకున్నాడు. విని, కాసేపు దగ్గి, ఊపిరి కుదుటపడ్డాక నా వైపు చూశాడు.

"సమ్మె ఇయ్యాల గాకపోతే రేపు అయిపోతది," అన్నాడు. "కింద నాసొంటోడు గంట కొడ్తడు. గప్పుడు నీ చెయ్యి ఆగుతదా?"

జవాబు లేనప్పుడు నాకు కోపం వస్తుంది, అది మా వంశంలోనే ఉంది. నౌకరీ నీదే, ఇల్లూ నీదే, ఈ ఒక్కదాన్నైనా నాది అనుకోనివ్వవా అని అరిచాను. ఆయన కండువా భుజాన వేసుకుని బయటికి వెళ్లిపోయాడు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆయన వెళ్లాక పప్పుగుత్తి పట్టుకుని కళ్లు మూసుకున్నాను. ఇంజను గదిలో ఉన్నాననుకున్నాను. తాడు నడుస్తోంది, టబ్బులు దిగుతున్నాయి. గంట కొట్టమని మా ఆవిడకు చెప్పాను. కొట్టింది. నా కుడిచెయ్యి ఆగలేదు. బొట్టుబిళ్లల మీద గుద్దేసింది. నిజంగా భయపడ్డాను. కింద దారిలో నడుస్తున్న మనుషుల టోపీ లైట్లు కళ్ల ముందు ఆడాయి. మళ్లీ కొట్టమన్నాను, మళ్లీ కొట్టమన్నాను. ఇప్పుడు ఆగడం నేర్చుకోవడానికి. పాపం, ఆవిడకు చెయ్యి నొప్పి పుట్టింది. సాయంత్రానికి నా చేతులు మళ్లీ గంటకు ఆగాయి. ఇన్ని రోజుల సాధన గోదాట్లో కలిసింది. ఆటలో నేను ఎక్కడ మొదలుపెట్టానో అక్కడికే వచ్చాను.

మర్నాడు ఇక ఆడనని చెప్పడానికే షెడ్డుకు వెళ్లాను. వాడు బలవంతం చేస్తే ఆఖరిసారి అని నిలబడ్డాను. గంట మోగింది, చేతులు ఆగాయి, తాత కూర్చున్నాడు. ఈసారి నేను చేతులతో కొట్లాడలేదు. ఆగితే ఆగనీ అనుకుని తెర వైపు చూస్తూ నిలబడ్డాను. కొండెంగ కీమని అరిచి ఎగిరాడు. అప్పుడు తట్టింది. నా ఎడమచెయ్యి హ్యాండిలును లాగి బిగపట్టే ఉంది. పిరికివాళ్ల దెబ్బ అని మేం వదిలేసిన ఆ దెబ్బకు కావలసింది సరిగ్గా ఇదే. సగం పని నా చెయ్యి అప్పటికే చేసిపెట్టింది. ఇక ముందుకు తోసి గుద్దడమే మిగిలింది. రెండో గంట రాకుండా తొయ్యను, అది నా చేతకాదు. కానీ కొండెంగ ఎగిరేటప్పుడు ప్రతిసారీ అరుస్తాడు. ఆ అరుపే నా రెండో గంట అనుకుంటే?

బాయిలో ఎవడూ కీమని అరవడు. కాబట్టి ఆ అరుపుకు చేతులు కదిలితే ఎవరికీ ప్రమాదం లేదు. గంటకు ఆగాలి, కేకకు తొయ్యాలి. రెండూ సిగ్నళ్లే. సిగ్నలు వింటే చెయ్యి దానంతట అదే పోవాలి, నాకు నేర్పిందే అది కదా. మొదట రెండుమూడుసార్లు ఆలస్యమైంది. తర్వాత ఒకసారి కీ అన్న శబ్దం ఇంకా పూర్తి కాకముందే తాత నేల మీంచి లేచి కొండెంగను గాల్లోనే కుమ్మాడు. మావాడు హ్యాండిలు వదిలేసి నా మొహం చూశాడు. ఆ పూట ఆట పూర్తిగా వాడిదే, కానీ వాడి మొహంలో రంగు తగ్గింది. నవ్విన నాపచేనే పండుతుంది అని నేను మనసులో అనుకోలేదు, పైకే అన్నాను.

ఆ తర్వాత మేమిద్దరం రోజూ ఆడాం. ఒకరోజు వాడిది, ఒకరోజు నాది. ఇంట్లో బాపుకూ నాకూ మాటల్లేవు. అన్నం దగ్గర మా ఆవిడే ఇద్దరికీ మధ్య కబుర్లు మోసేది. ఈలోపు సమ్మె ముగుస్తుందని, బాయిలు తెరుస్తారని మాట వచ్చింది. మళ్లీ షిఫ్టులు మొదలైతే ఇట్లా నిలబడి ఆడే రోజులు రావు. చివరిగా ఒక్క ఆట, అందరి ముందు, గెలిచినవాడే ఉస్తాద్ అని అనుకున్నాం. బండ్ల పనిలో ఉస్తాద్‌గిరీ నీకే వదిలేస్తాను, ఆటలోది నాకు ఇచ్చెయ్ అన్నాను. వాడు నవ్వి, ఇయ్యడం ఉండదు, గుంజుకోవాలె అన్నాడు.

ఆ రోజు షెడ్డు నిండా మనుషులే. సమ్మె శిబిరం నుంచి మా బాయివాళ్లు కూడా వచ్చారు. నేను పెట్టె ముందుకు వెళ్తుంటే తలుపు దగ్గర మా ఆవిడ, ఆవిడ వెనక బాపు కనిపించారు. ఆవిడే తీసుకొచ్చింది. ఎవరో టైరు మీద గోనెసంచి వేసి బాపును కూర్చోబెట్టారు. ఆయన పెట్టెకు పక్కగా కూర్చున్నాడు. అక్కణ్నుంచి తెర కనపడదు. జరగమని చెప్తే వద్దన్నాడు.

మొదటిది నేను గెలిచాను. కొండెంగ ఎగిరినప్పుడల్లా తాత లేచి కుమ్మాడు, అంతే. రెండోదానికి వాడు తెలివి తెచ్చుకుని తక్కువ ఎగిరాడు, కింద కాళ్లు కొట్టి గెలిచాడు. మూడోదానికి అసలు ఎగరనే లేదు. గంట మోగింది, తాత కూర్చున్నాడు, కొండెంగ దూరంగా నిలబడి ముందుకూ వెనక్కూ ఊగుతున్నాడు. నేను దగ్గరికి వెళ్తే కాళ్లు కొడతాడు, వెళ్లకపోతే తెర మీది గడియారం అయిపోయి ఆట ఎవరిదీ కాకుండా పోతుంది. చుట్టూ ఉన్నవాళ్లు కొట్టు కొట్టు అంటున్నారు. నా చేతులు కదల్లేదు. ఒకప్పటి నేనైతే ఎప్పుడో మీద పడి దెబ్బలు తినేవాణ్ని. కానీ ఎదురుచూడటం మా ఉద్యోగంలో సగం. కింద టబ్బు పట్టా తప్పితే వాళ్లు దాన్ని సరిచేసేదాకా బ్రేకు పట్టుకుని ఎంతసేపైనా కూర్చుంటాం. ఏమైందో తెలియదు, అడగడానికి లేదు, చెయ్యి వదలడానికి లేదు. నాతో ఎదురుచూపుల్లో పోటీకి దిగడం వాడి పొరపాటు.

వాడు చెమటలు తుడుచుకున్నాడు. ఒకసారి నా వైపు చూశాడు, ఒకసారి గడియారం వైపు చూశాడు. చిన్నప్పటి నుంచి ఎగిరిన ప్రాణం ఎంతసేపని నేల మీద నిలుస్తుంది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు. కీమని అరుపు వినపడింది. నా చేతులు నన్ను అడగలేదు. తాత లేచాడు, కొండెంగ గాల్లో తిరగబడ్డాడు, పడి లేచేలోపు తాత మీద పడి గుద్దాడు. ఆ గుద్దులు మాత్రం నా పాతవే, పదిహేడేళ్ల వయసునాటివి. తెర పైన కొండెంగ బలం చూపించే గీత అయిపోయింది. షెడ్డు మీది రేకులు ఎగిరిపోయేంత కేకలు. మావాడు హ్యాండిలు వదిలి, నా చెయ్యి పట్టి పైకెత్తి, అందరికీ వినపడేలా ఉస్తాద్ అన్నాడు. అది వినడానికి ఎన్నేళ్లు ఆగానో నాకు తెలుసు. సిగ్గుపడకుండా మీసం దువ్వాను.

ఇదంతా అయ్యి చాలా కాలమైంది. తెలంగాణ వచ్చింది. రోడ్డు వెడల్పులో షెడ్డు పోయింది, మావాడు ఇంకోచోట షాపు పెట్టాడు, పెట్టెలో టీవీ ట్యూబు కాలిపోతే దానికి ఇక మందు దొరకలేదు. ఇప్పటికీ బండి తీసుకెళ్తే వాడు అందరి ముందూ నన్ను ఉస్తాద్ అనే పిలుస్తాడు. పిల్లలు వాళ్ల ఫోన్లలో కొట్లాటలు ఆడుకుంటూ, ఈయనకెందుకు ఆ పిలుపు అన్నట్టు చూస్తారు. అడిగితే చెప్తాను. అడక్కపోయినా చెప్తాను.

ఆ రోజు మనుషులంతా బయటికి వెళ్తుంటే బాపు టైరు మీంచి లేచి నా దగ్గరికి వచ్చాడు. ఆట ఎట్లా ఉందని అడగబోయి ఆగాను. ఆయన తెర చూడలేదని అప్పుడు గుర్తొచ్చింది. ఆటంతా ఆయన నా చేతుల్నే చూస్తూ కూర్చున్నాడు. గంట మోగిన ప్రతిసారీ అవి ఆగుతున్నాయా లేదా అని. ఆయన నా ఎడమచెయ్యి అందుకుని, అరచెయ్యి తిప్పి, లివరు కాయలు కాచిన చోట బొటనవేలితో ఒత్తి చూశాడు.

"నేను కింద ఉన్నప్పుడు పైన గీ చెయ్యి ఉంటే," అన్నాడు, "అన్నేండ్లు భయపడుకుంట పనిజేసేటోన్ని గాదు బిడ్డా."

మా బాపు బాయిలో భయపడేవాడని అప్పటిదాకా నాకు తెలియదు. ఆయన చెయ్యి వదల్లేదు, నేనూ తీసుకోలేదు. బయట మావాడు ఎవరికో నా దెబ్బ ఎట్లా పడిందో చేతులు ఊపుతూ చెప్తున్నాడు. నేను అటు చూడలేదు.